పాఠకుల ప్రశ్నలు: జేన్ ఎయిర్ జీతం ఎంత?

షార్లట్ బ్రాంటి నవల ‘జేన్ ఎయిర్’ గురించి పోయిన నెల ఈ శీర్షికలో ఒక్క వాక్యం రాశాను: అది ప్రేమకథ కావడానికి ముందు జీతానికి పనిచేసే ఒక అనాథ అమ్మాయి కథ అని. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. కొందరు మెచ్చుకున్నారు, ఎక్కువమంది కోప్పడ్డారు, ఒకరైతే నాకు హృదయమే లేదన్నారు. అందుకని ఈసారి పేజీ మొత్తం జేన్‌కే. చదవనివారి కోసం నాలుగు మాటలు. తల్లీతండ్రీ లేని జేన్ మేనమామ భార్య ఇంట్లో తిట్లు తింటూ పెరిగి, ధర్మ పాఠశాలలో చదువుకుని, థార్న్‌ఫీల్డ్ అనే భవనంలో గవర్నెస్‌గా, అంటే ఆ ఇంట్లోనే ఉండి పిల్లకు చదువు చెప్పే పంతులమ్మగా, చేరుతుంది. యజమాని రోచెస్టర్, ఆమె ప్రేమించుకుంటారు. పెళ్లిపీటల దాకా వచ్చాక అతనికి ఇదివరకే పెళ్లయిందనీ, మతి చలించిన ఆ భార్యను అదే ఇంటి మూడో అంతస్తులో దాచి ఉంచాడనీ బయటపడుతుంది.

ప్రశ్న: లోకమంతా ప్రేమకథగా చదివే నవలలో మీకు జీతం ఎక్కడ కనిపించింది? – ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి

జవాబు: మీరు అడగవలసిన ప్రశ్న కాదండీ ఇది! జేన్ అంత శ్రద్ధగా లెక్క చెప్పే కథానాయిక మరొకరు నాకు తెలియదు. లోవుడ్ పాఠశాలలో ఆమె గడిపింది ఎనిమిదేళ్లు, ఆరేళ్లు విద్యార్థినిగా, రెండేళ్లు ఉపాధ్యాయినిగా. అక్కడ ఆమె జీతం ఏడాదికి 15 పౌన్లు. ఆ బడిలో ఒక్కో పిల్లకు కట్టే ఏడాది రుసుము కూడా 15 పౌన్లే. అంటే పిల్ల ఖరీదూ పంతులమ్మ ఖరీదూ ఒకటే. పద్దెనిమిదేళ్ల వయసులో, ఎవరినీ సలహా అడగకుండా, పత్రికలో తనే ప్రకటన ఇచ్చుకుంటుంది. ఒకే ఒక్క జవాబు వస్తుంది. థార్న్‌ఫీల్డ్‌లో ఒక చిన్న పిల్లకు చదువు చెప్పాలి, ఏడాదికి 30 పౌన్లు. ఇప్పుడు వస్తున్నదానికి రెట్టింపు అని ఆమె వెంటనే లెక్క వేసుకుంటుంది.

తర్వాత నాకు ఎంతో ఇష్టమైన సన్నివేశం. తనను పెంచిన ఆ మేనమామ భార్య చావుబతుకుల్లో ఉందని కబురొస్తుంది. జేన్ సెలవు అడుగుతుంది. దగ్గర డబ్బు ఎంత ఉందని రోచెస్టర్ అడిగితే ఐదు షిల్లింగులు చూపిస్తుంది. అప్పటికి అతను బాకీ ఉన్న జీతం 15 పౌన్లు. అతను 50 పౌన్ల నోటు తీసి ఇస్తాడు. నా దగ్గర చిల్లర లేదంటుంది. చిల్లర ఎవరడిగారు, తీసుకో అంటాడు. తీసుకోదు, తనకు రావలసినది మించి పెన్నీ కూడా ముట్టదు. అతను మొదట చిరాకుపడి, అంతలోనే మనసు మార్చుకుని 10 పౌన్లు చేతిలో పెడతాడు. జేన్ ఏమంటుందో తెలుసా? ఇంకా ఐదు బాకీ ఉన్నారు అంటుంది!

ఇద్దరూ ఒకరంటే ఒకరికి ప్రాణంగా ఉన్న రోజులివి, కాకపోతే ఎవరూ నోరు విప్పలేదు. నేను వయసులో ఉండగా ఇళ్లకు వెళ్లి పిల్లలకు ట్యూషన్లు చెప్పినదాన్ని. నెల దాటాక ఆ ఇంటివారు మర్చిపోయినట్టు కూర్చుంటే, గుర్తు చేయడం మన అమర్యాద అవుతుంది. వాళ్లు ఉదారంగా ఎక్కువ ఇస్తే, ఆ రోజు నుంచి మనం పంతులమ్మగా కాక ఆశ్రితులుగా మారతాం. రెండూ తప్పించుకోవాలంటే సరిగ్గా రావలసినంతే అడిగి తీసుకోవాలి. అది ఎంత కష్టమో అడిగినవాళ్లకే తెలుసు. జేన్ దాన్ని నవ్వుతూ చేసేసింది.

పెళ్లి నిశ్చయమయ్యాక రోచెస్టర్ ఆమెను పట్టు బట్టల దుకాణానికి తీసుకువెళ్తాడు. ఆయన రంగురంగుల పట్టు ఎంచుతున్నకొద్దీ ఆమెకు ముఖం మండిపోతుంది. పెళ్లయ్యాక కూడా పిల్లకు గవర్నెస్‌గానే ఉంటాను, నా తిండీ బసా సంపాదించుకుంటాను, పైన వచ్చే 30 పౌన్లతో నా బట్టలు నేనే కొనుక్కుంటాను అంటుంది. ఆ అవమానంలోనే ఆమెకు మదీరా దీవిలో ఉన్న పినతండ్రి గుర్తొస్తాడు. ఆయన ఏదైనా ఆస్తి ఇస్తే ఇలా బొమ్మలా అలంకరించుకోవలసిన గతి తప్పుతుందని ఆయనకు ఉత్తరం రాస్తుంది.

ఇక్కడే చాలామంది పాఠకులు పేజీ తిప్పేస్తారు. ఆ ఉత్తరం అందినప్పుడు రోచెస్టర్ బావమరిది మేసన్ మదీరాలో ఆ పినతండ్రి దగ్గరే ఉన్నాడు. ఆయన మాటల్లో పెళ్లి సంగతి చెప్పడంతో మేసన్ ఉలిక్కిపడి ఇంగ్లండు బయలుదేరుతాడు, చర్చిలో లాయరు లేచి పెళ్లి ఆపుతాడు. దైవం, విధి, ప్రేమకు పరీక్ష అని పెద్ద మాటలన్నీ అనండి. పెళ్లి ఆగింది మాత్రం తన బట్టలు తనే కొనుక్కోవాలని ఒక పంతులమ్మ పట్టుబట్టినందుకు.

ప్రశ్న: గవర్నెస్ అంటే ఆయా అనుకోవచ్చా? – ఇంటర్ విద్యార్థిని

జవాబు: అనుకోకూడదు. ఆయా పనివాళ్లలో మనిషి, ఆమె భోజనం వాళ్లతో. గవర్నెస్ చదువుకున్న, మర్యాదస్తుల ఇంటి అమ్మాయి. తండ్రి పోయో, అప్పులపాలయ్యో, జేన్‌లా ఎవరూ లేకో పరాయి ఇంట్లో ఉండి పిల్లలకు ఫ్రెంచి, బొమ్మలు గీయడం, పియానో నేర్పుతుంది. పనివాళ్లకు ఆమె దొరసాని, దొరసానికి ఆమె పనిమనిషి. కింద వంటింట్లో చోటు లేదు, పైన హాలులో కుర్చీ లేదు.

థార్న్‌ఫీల్డ్‌కు అతిథులు వచ్చినప్పుడు యజమాని ఆజ్ఞ మీద జేన్ సాయంత్రాలు హాలులోకి రావాలి. వచ్చి కిటికీ పక్కన, తెర చాటున కూర్చుంటుంది. లేడీ ఇంగ్రం, ఆమె కూతురు బ్లాంచ్ గవర్నెస్‌ల గురించి మొదలుపెడతారు. మాకు డజనుమంది దాకా వచ్చారు, సగం అసహ్యం, సగం నవ్వులాట అంటుంది బ్లాంచ్. చిన్నప్పుడు వాళ్లను ఎలా ఏడిపించారో అక్కచెల్లెళ్లూ తమ్ముడూ గుర్తు చేసుకుని నవ్వుకుంటారు. ఆ మాటలు వినపడే దూరంలోనే జేన్ ఉందని వాళ్లకు తెలుసు. అక్కడ నాకు కోపం తెప్పించేది వాళ్ల క్రూరత్వం కూడా కాదు, గొంతు తగ్గించాలన్న ఆలోచన కూడా రాకపోవడం.

షార్లట్ ఊహించి రాసింది కాదిది. 1839లో కొన్ని నెలలు, 1841లో కొన్ని నెలలు ఆమె గవర్నెస్‌గా పనిచేసింది. పిల్లలను చూసుకోవడం చాలదన్నట్టు గజాలకొద్దీ కుట్టుపని, రాత్రి టోపీలు, బొమ్మలకు గౌన్లు కూడా తన మీద పడ్డాయని ఇంటికి రాసింది. చేసే పనిలో తప్ప గవర్నెస్ బతికున్న మనిషిగా ఎవరి కంటికీ ఆనదని చెల్లెలు ఎమిలీకి వాపోయింది. రెండో ఉద్యోగంలో జీతం పేరుకు 20 పౌన్లు, బట్టల ఉతుకుడుకు కోత పోగా చేతికి 16. చిన్న చెల్లెలు యాన్ ఇంకా ఓపికమంతురాలు. థార్ప్ గ్రీన్‌లో ఒకే కుటుంబం దగ్గర దాదాపు ఐదేళ్లు ఉండి, ఆ అనుభవంతో ‘ఆగ్నెస్ గ్రే’ రాసింది. అందులో రోచెస్టర్ లేడు, రహస్యాల అటకా లేదు, ఒట్టి ఉద్యోగం ఉంది. నిజం తెలుసుకోవాలంటే అది చదవండి.

ఒక్క సంగతి. జేన్ అదృష్టవంతురాలైన గవర్నెస్. ఒక్కతే శిష్యురాలు, మంచి గది, దయగల ఇంటి పెత్తనపు ముసలమ్మ మిసెస్ ఫేర్‌ఫాక్స్. ఉద్యోగం పోయి, వయసు మీరి, దిక్కులేక మిగిలిన గవర్నెస్‌లు లండన్‌లో ఎంతమంది పోగయ్యారంటే, వాళ్లను ఆదుకోవడానికే 1840లలో ఒక సహాయ సంస్థ పుట్టింది. వాళ్లకు సరైన చదువు చెప్పించాలనే తలంపు నుంచే 1848లో క్వీన్స్ కాలేజీ వచ్చింది.

ప్రశ్న: లోవుడ్ లాంటి బడి నిజంగా ఉండేదా? పిల్లలను అంతగా మాడ్చడం రచయిత్రి అతిశయోక్తి కాదా? – ఉపాధ్యాయుడు

జవాబు: ఉండేది. పేరు కోవన్ బ్రిడ్జ్, పేద మతగురువుల కూతుళ్ల కోసం పెట్టిన బడి. షార్లట్ 1824లో, ఎనిమిదేళ్ల వయసులో అక్కడ చేరింది. ఆమె ఇద్దరు అక్కలు మరియా, ఎలిజబెత్ ఆ బడిలోనే జబ్బుపడి, ఇంటికి చేరాక 1825 వేసవిలో కొద్ది వారాల తేడాతో పోయారు. పెద్దదానికి పదకొండు, రెండోదానికి పది. నవలలో జేన్ స్నేహితురాలు హెలెన్ బర్న్స్, ఎన్ని దెబ్బలు పడినా కిమ్మనని ఆ పిల్ల, మరియానే. అతిశయోక్తి అని అప్పుడూ అన్నారు. 1857లో ఎలిజబెత్ గాస్కెల్ రాసిన షార్లట్ జీవితచరిత్ర వచ్చాక బడి నడిపిన మతగురువు తరఫువాళ్లు పెద్ద గొడవే చేశారు.

నవలలో మాడిపోయిన గంజి మీరు మరిచిపోరు. పిల్లలు తినలేకపోతే సూపరింటెండెంటు మిస్ టెంపుల్ రొట్టె, జున్ను పెట్టిస్తుంది. దానికి కోశాధికారి బ్రాకిల్‌హర్స్ట్ ఆమెను నిలదీస్తాడు, పిల్లల శరీరాలకు తిండి పెట్టి ఆత్మలను ఎండగడుతున్నావని. సహజంగానే ఉంగరాలు తిరిగిన ఒక పిల్ల జుట్టు చూసి కత్తిరించమంటాడు. సరిగ్గా అప్పుడు తలుపు తెరుచుకుని ఆయన భార్య, కూతుళ్లు వెల్వెట్, పట్టు, బొచ్చు దుస్తుల్లో వస్తారు. భార్య నెత్తిన పెట్టుడు ఫ్రెంచి ఉంగరాలు! వీళ్లు కాస్త ముందే వచ్చి దుస్తుల మీద ఆయన ఉపన్యాసం వినవలసిందని జేన్ ఒక్క మాట అంటుంది, అంతే. జ్వరాల కాలంలో 80 మంది పిల్లల్లో 45 మంది ఒకేసారి మంచాన పడ్డారని అంకె చెప్పి ఊరుకుంటుంది.

మీరు ఉపాధ్యాయులు గనక మీకు నచ్చే చోటు ఇంకొకటి. నరకానికి పోకుండా ఉండాలంటే ఏం చేయాలి అని అదే బ్రాకిల్‌హర్స్ట్ పదేళ్ల జేన్‌ను అడుగుతాడు. ఆరోగ్యంగా ఉండి, చచ్చిపోకుండా చూసుకోవాలి అంటుంది. ఆ జవాబుకు నేనైతే పూర్తి మార్కులు వేస్తాను.

ప్రశ్న: జేన్ అందగత్తె కాదని అన్నిసార్లు చెప్పడం ఎందుకు? – గృహిణి

జవాబు: 1847లో మూడు సంపుటాల నవలకు అందం లేని నాయిక అంటే సాహసం. చెప్పింది పాఠకులు నమ్మరని రచయిత్రికి తెలుసు, అందుకే మళ్లీ మళ్లీ చెప్పింది. సినిమాలు తీసినవాళ్లు ఇప్పటికీ నమ్మడం లేదు.

ప్రశ్న: భార్యను బంధించినవాడిని జేన్ ఎలా క్షమించింది? విడాకులు ఇచ్చి ఉండవచ్చు కదా! – న్యాయవాది

జవాబు: చట్టం మీకు నాకంటే బాగా తెలుసు, అయినా అడిగారు గనక చెబుతాను. ఆనాటి ఇంగ్లండులో మళ్లీ పెళ్లికి వీలిచ్చే విడాకులు కావాలంటే పార్లమెంటులో ప్రత్యేక చట్టం చేయించుకోవాలి. విడాకుల కోర్టు వచ్చింది 1857 చట్టంతో. మతిభ్రమణం విడాకులకు కారణంగా చేరింది 1937లో. కాబట్టి రోచెస్టర్‌కు దారి లేదన్నది నిజమే.

అతని తప్పు వేరే చోట ఉంది. ఆస్తి ముక్కలు కాకూడదని తండ్రి అంతా పెద్ద కొడుక్కు రాసి, చిన్నవాడైన ఇతనికి జమైకా తోటల యజమాని కూతురు బెర్తాను 30,000 పౌన్ల కట్నంతో కట్టబెట్టాడు. మోసపోయానని రోచెస్టర్ పేజీలకొద్దీ చెప్పుకుంటాడు. ఆ 30,000 ఏమయ్యాయో చెప్పడు. బెర్తా వైపు కథ ఒక్క ముక్క కూడా మనకు వినపడదు. ఆ లోటు తీర్చడానికే కరీబియన్ దీవిలో పుట్టిన జీన్ రిస్ 1966లో ‘వైడ్ సర్గాసో సీ’ రాసింది.

జేన్ పౌన్లన్నీ లెక్కపెట్టిన నేను ఇంకొక లెక్క దాటవేయకూడదు. ఆమె పినతండ్రి మదీరాలో మేసన్‌ల జమైకా వ్యాపారానికి ప్రతినిధిగా ఉన్నవాడు. జమైకా తోటలంటే ఆ రోజుల్లో బానిసల చెమట. ఆయన పోతూ వదిలిన ఆస్తితో జేన్‌కు చివర్లో దక్కిన స్వాతంత్ర్యంలో ఆ సొమ్ము ఎంతో కొంత కలిసే ఉంటుంది. నవల ఈ సంగతి ఎత్తదు.

ఇక క్షమాపణ. మనసులో ఆమె వెంటనే క్షమించింది, పుస్తకమే ఆ మాట చెబుతుంది. కానీ ఇంట్లో ఉండలేదు, తెల్లవారకముందే వెళ్లిపోయింది. క్షమించడం, కలిసి ఉండడం ఒకటి కావని ఆ పిల్లకు పద్దెనిమిదేళ్లకే తెలిసింది.

ప్రశ్న: ఇల్లు వదిలేటప్పుడు తెచ్చుకున్న మూట బండిలో మరిచిపోవడం, ఆకలితో పడిపోయిన గుమ్మం తన మేనత్త పిల్లలదే కావడం... ఇంత కాకతాళీయమా? – పేరు రాయని పాఠకుడు

జవాబు: రెండో దాన్ని నేనూ సమర్థించలేను. ఇంగ్లండు మొత్తంలో ఆ ఒక్క గుమ్మమే దొరికిందా అని నాకూ అనిపిస్తుంది. మూట సంగతి వేరు. రాత్రి నిద్ర లేదు, జీవితం కూలిపోయింది, అలాంటి మనిషి మూట మరిచిపోకపోతే ఆశ్చర్యం.

లెక్క ఇక్కడా తప్పలేదు చూడండి. రోచెస్టర్ బలవంతాన ఇచ్చిన ముత్యాల హారం వదిలేసి, 20 షిల్లింగులతో బయటికి వస్తుంది. అంటే ఒక్క పౌను. బండివాడు 30 అడుగుతాడు. ఉన్నవన్నీ ఇచ్చేసి, తెలియని కూడలిలో దిగుతుంది. ఆ తర్వాత ఒక రొట్టె కోసం మెడకు కట్టుకున్న పట్టు గుడ్డ, చేతి తొడుగులు ఇస్తానంటే దుకాణంలో వద్దంటారు. చివరికి పందికి పారబోయబోతున్న చల్లారిన గంజి ఒక పిల్లను అడిగి తింటుంది. ఏడాదికి 30 పౌన్ల ఉద్యోగికీ పంది తొట్టికీ మధ్య ఎంత దూరముందో చెప్పిన ఆ అధ్యాయం ముందు మీ కాకతాళీయాన్ని నేను సులభంగా క్షమించేస్తాను.

ప్రశ్న: పినతండ్రి ఆస్తిగా జేన్‌కు వచ్చిన 20,000 పౌన్లలో మూడు వంతులు పంచేయడం తెలివితక్కువ కాదా? – చార్టర్డ్ అకౌంటెన్సీ విద్యార్థి

జవాబు: కాదు బాబూ. ఆ గుమ్మంలో తనను కాపాడిన మేనత్త పిల్లలు డయానా, మేరీ, సెయింట్ జాన్ ఆ ఆస్తి మీద అంతే హక్కున్న దగ్గరి చుట్టాలు. నలుగురికీ తలా 5,000. ప్రభుత్వ బాండ్ల మీద 3 శాతం వడ్డీ వచ్చే రోజులవి. అంటే ఏడాదికి 150 పౌన్లు, థార్న్‌ఫీల్డ్ జీతానికి ఐదు రెట్లు, అదీ కదలకుండా. పైగా డయానా, మేరీ కూడా గవర్నెస్‌లే. ఒక్క సంతకంతో ఇద్దరికి ఆ ఉద్యోగం తప్పించింది. నవలలో అందరూ రోచెస్టర్ దగ్గరికి తిరిగి వెళ్లే చోట కళ్లు తుడుచుకుంటారు, నేను ఇక్కడ.

నువ్వు పట్టుకోవలసిన మెలిక ఇంకొకటి ఉంది. ఇల్లు తగలబడి, భార్య చనిపోయి, కళ్లు పోయిన రోచెస్టర్ దగ్గరికి వెళ్లి, నేను స్వతంత్రురాలిని, నాకు ఆస్తి ఉంది అని జేన్ గర్వంగా చెబుతుంది. మూడు రోజుల తర్వాత పెళ్లి. వివాహిత స్త్రీల ఆస్తి చట్టాలు 1870, 1882 దాకా రాలేదు. ముందే విడిగా ఒప్పందం రాయించుకుంటే తప్ప భార్య చేతి సొమ్ము భర్తది. రాయించుకుందో లేదో నవల చెప్పదు. రావలసిన ఐదు పౌన్లు గుర్తు చేసిన మనిషి ఇది మరిచిపోయి ఉంటుందని మాత్రం నేను నమ్మను.

ప్రశ్న: జేన్ మన దేశానికి రావలసిందట, నిజమేనా? – డిగ్రీ విద్యార్థిని

జవాబు: మతప్రచారకుడైన సెయింట్ జాన్ తనకు భార్యగా రమ్మని అడిగాడు. అంతకుముందే, ఆమె జర్మన్ నేర్చుకుంటుంటే మాన్పించి హిందుస్తానీ నేర్పడం మొదలుపెట్టాడు. సహాయకురాలిగా వస్తాను, భార్యగా రానంటుంది జేన్. అతను ఒప్పుకోడు. ఆ బేరం అక్కడ చెడింది.

ప్రశ్న: ఈ నవలను ఆనాటివాళ్లు ఎలా ఆదరించారు? – గ్రంథాలయ ఉద్యోగి

జవాబు: 1847 అక్టోబరులో కరర్ బెల్ అనే మారుపేరుతో వచ్చింది, వెంటనే అమ్ముడుపోయింది. మరుసటి ఏడాది డిసెంబరులో క్వార్టర్లీ రివ్యూ పత్రికలో ఎలిజబెత్ రిగ్బీ మాత్రం ఉతికి ఆరేసింది. జేన్‌ది అహంకారమట, తిండి పెట్టినవారి పట్ల కృతజ్ఞత లేదట, నవల క్రైస్తవానికి విరుద్ధమట. ఆ ఒక్క వ్యాసంలోనే ఆమె గవర్నెస్‌ల సహాయ సంస్థ నివేదికను కూడా సమీక్షించి, వాళ్ల మీద జాలి చూపించింది. జాలిపడడానికి గవర్నెస్ కావాలి, ఎదురు మాట్లాడే గవర్నెస్ వద్దు. లేడీ ఇంగ్రం హాలులో కూర్చుని రాసినట్టుంటుంది.

ప్రశ్న: జేన్ చదువు చెప్పిన అడేల్ చివరికి ఏమైంది? – ఎనిమిదో తరగతి విద్యార్థిని

జవాబు: ఇన్ని ఉత్తరాల్లో ఆ పిల్లను తలచుకున్నది నువ్వొక్కదానివే! రోచెస్టర్ ఆమెను ఒక బడిలో వేశాడు. పెళ్లయిన కొద్ది రోజులకే జేన్ చూడటానికి వెళితే అడేల్ పాలిపోయి, చిక్కిపోయి ఉంది. బడి నియమాలు ఆ వయసుకు మరీ కఠినంగా ఉన్నాయని ఇంటికి తీసుకువచ్చేసింది. మళ్లీ తనే చదువు చెప్పాలనుకుంది కానీ భర్తకు కళ్లు లేవు, తీరిక దొరకలేదు. అప్పుడు తరచూ వెళ్లి చూడగలిగేంత దగ్గరలో, కాస్త మెతకగా ఉండే బడి వెతికి చేర్పించింది. అడేల్ అక్కడ సుఖంగా చదువుకుని మంచి పిల్లగా పెరిగింది.

ఆ పేరాలోనే జేన్ ఇంకో మాట అంటుంది, మంచి ఇంగ్లీషు చదువు అడేల్‌లోని ఫ్రెంచి లోపాలను చాలావరకు సరిదిద్దిందని. అది చదివినప్పుడల్లా పుస్తకం మూసేస్తాను. ఆ ఫ్రెంచి నువ్వు మాట్లాడగలిగినందుకే కదా జేనమ్మా, తొలి రోజున ఆ పిల్ల నీకు చేరువైంది!